గేర్ బాక్స్ పని నేర్చుకుంటానంటున్నాడు, పంపమంటారా?

ప్రశ్న: మాది విజయవాడ పటమట. చిన్న కిరాణా దుకాణం నడుపుతున్నాను. మా అబ్బాయి ఈ ఏడాది పదో తరగతి 412 మార్కులతో పాసయ్యాడు. లెక్కల్లో 81 వచ్చాయి. సెలవుల్లో ఆటోనగర్‌లో ఉన్న వాళ్ల మేనమామ షెడ్డుకు వెళ్లి వస్తూ, కార్ల గేర్ బాక్సులు విప్పి బాగుచేసే పనే నేర్చుకుంటానని పట్టుబట్టాడు. మేమేమో ఇంటర్ ఎంపీసీలో చేర్చాలనుకున్నాం. అరిగిన గేర్ బాక్స్ తీసేసి ఏకంగా ఇంకోటి వేసేస్తున్న రోజులివి. పైగా ఎలక్ట్రిక్ కార్లు వస్తున్నాయి. ఈ పనికి భవిష్యత్తు ఉంటుందా? బంధువుల్లో చిన్నతనంగా ఉంటుందని వాళ్లమ్మ దిగులు. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి, విజయవాడ

జవాబు: అయ్యా, మీ ఉత్తరంలో నన్ను ఆపిన విషయం ఒకటుంది. మీ అబ్బాయి ఊరికే మెకానిక్ అవుతాననలేదు. గేర్ బాక్స్ బాగుచేయడం నేర్చుకుంటానన్నాడు. నా దగ్గరకు వచ్చే పిల్లల్లో ఎక్కువమంది "ఏ కోర్సయినా ఫరవాలేదండీ" అంటారు. పదిహేనేళ్ల వయసులో తనకేం కావాలో ఇంత గురిగా చెప్పగలిగిన పిల్లవాణ్ణి చూసి చాలా రోజులైంది. అందుకని నా మాట ముందే చెప్పేస్తాను. బలవంతంగా ఎంపీసీలో చేర్చకండి. అలాగని చదువు మాన్పించి నేరుగా షెడ్డులోనూ వదలకండి. ఈ రెంటికీ మధ్య మంచి దారి ఉంది.

ఇక ఆ పని విలువ సంగతి. నాలుగేళ్ల కిందట నా కారు రెండో గేరు వేసినప్పుడల్లా గరగరమనేది. ఒక సర్వీసు కేంద్రానికి తీసుకెళ్తే కాస్త నడిపి చూసి, గేర్ బాక్స్ మొత్తం మార్చాలి, 52 వేలవుతుందన్నారు. విప్పి చూసిందేమీ లేదు. మనసొప్పక ఆటోనగర్‌లో గేర్ బాక్సులు మాత్రమే చేసే ఒక పెద్దాయన దగ్గరకు వెళ్లాను. ఆయన పానా ముట్టుకోలేదు. ఇంజిను నడుస్తుండగా న్యూట్రల్‌లో ఉంచి, క్లచ్ తొక్కి ఒకసారి, వదిలి ఒకసారి చెవి ఒగ్గి విన్నారు. వదిలినప్పుడు వచ్చి తొక్కినప్పుడు పోయే మోత గేర్ బాక్స్ లోపలి బేరింగుది. తొక్కినప్పుడే వచ్చేదయితే సాధారణంగా క్లచ్ రిలీజ్ బేరింగుది. నా కారులో ఆ రెండూ లేవు. తర్వాత ఆయిల్ ఒక తెల్లటి పళ్లెంలోకి దింపి, ఎండలోకి తీసుకెళ్లి అటూ ఇటూ వంచారు. నల్లటి నూనెలో సన్నగా పసుపు రంగు మెరుపు కదిలింది. "ఇది ఇత్తడి రజను, సింక్రో రింగుది. అయస్కాంతానికి ఉక్కు ముక్కలేవీ అంటలేదు, గేరు పళ్లు బాగానే ఉండాలి" అన్నారు. విప్పాక అదే తేలింది.

సింక్రో రింగు అంటే ఏమిటో చెబితే గాని మీ అబ్బాయి దేనికి ముచ్చటపడ్డాడో మీకు అర్థం కాదు. మాన్యువల్ గేర్ బాక్సులో ముందుకు నడిపే గేర్ల పళ్లు ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే తిరుగుతుంటాయి. మనం గేరు వేయడమంటే షాఫ్టు (తిరిగే ఇరుసు) మీద ఉన్న స్లీవును, అంటే గొట్టంలాంటి తొడుగును జరిపి, కావలసిన గేరును ఆ షాఫ్టుకు బిగించడమే. గేరు ఒక వేగంతో, స్లీవు ఇంకో వేగంతో తిరుగుతుంటాయి కాబట్టి ముందు ఆ రెండింటినీ ఒకే వేగానికి తేవాలి. ఆ పని చేసేదే ఈ రింగు. గేరుకున్న కోన్ (ఏటవాలు అంచు) మీద ఒత్తుకుని, రాపిడితో వేగాలు కలుపుతుంది. రింగు లోపలి వైపు వెంట్రుకల్లాంటి గీతలుంటాయి. మధ్యనున్న నూనె పొరను అవే చీలుస్తాయి. అవి అరిగి నున్నబడితే రింగు పట్టదు, పళ్లు గుద్దుకుని గరగరమంటాయి.

ఆ పెద్దాయన కొత్త రింగును కోన్ మీద వేసి, బొటనవేళ్లతో నొక్కి తిప్పి చూడమని నా చేతికిచ్చారు. గట్టిగా పట్టుకుంది, కదలలేదు. పాతదాన్ని అలాగే వేస్తే సబ్బు రాసిన చేతికి గాజు తిరిగినట్టు తిరిగిపోయింది. తర్వాత సన్నటి సందులు కొలిచే రేకులు, ఫీలర్ గేజ్ తీసి రింగుకూ గేరు పళ్లకూ మధ్య సందును చుట్టూ మూడుచోట్ల కొలిచారు. కొత్తదానికి దాదాపు ఒక మిల్లీమీటరు ఉంటే పాతదానికి కాగితం దూరేంత మాత్రమే ఉంది. మూడు కొలతలూ నోటు పుస్తకంలో రాసుకున్నారు.

అసలు విద్య ఆ తర్వాత చూశాను. రింగులు, బేరింగులు, ఆయిల్ సీళ్లు మార్చి బిగించేస్తే పని అయిపోయిందనుకున్నాను. ఆయన ఒప్పుకోలేదు. రెండో గేరు రింగు ఇంత త్వరగా ఎందుకు పోయిందని వెతికారు. చివరికి క్లచ్ పూర్తిగా విడవడం లేదని తేల్చారు. పెడల్ అడుగు దాకా తొక్కినా ఇంజిను తిప్పుడు కొంత లోపలికి వస్తూనే ఉంది. గేరు వేసిన ప్రతిసారీ పాపం ఆ రింగు ఇంజినుతో కూడా పోరాడింది. అది సరిచేయకుండా 52 వేలు పోసి కొత్త గేర్ బాక్స్ వేయించి ఉంటే అదీ అదే దారిన పోయేది. మొత్తం 14 వేలయింది. ఆ కారు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

అందుకే, మార్చేవాడికీ బాగుచేసేవాడికీ చాలా తేడా ఉందంటాను. మార్చడానికి కండబలం, పానాలు ఉంటే చాలు. బాగుచేయాలంటే ఎందుకు పాడైందో తెలియాలి. ఏ భాగం ఇంకా పనికొస్తుందో, ఏది రాదో నికరంగా చెప్పగలగాలి. కొన్నిసార్లు "ఇది బాగుచేయకండి" అని చెప్పడం కూడా ఆ పనిలో భాగమే. గేరు పళ్ల పైపొరను ప్రత్యేకంగా గట్టిపరుస్తారు. ఆ పొర చాలా పలచన. అది గుంటలు పడి లేచిపోతే రుద్ది నునుపు చేసినంత మాత్రాన తిరిగి రాదు, గేరు మార్చవలసిందే. కేసింగు పగిలినా, బేరింగు కూర్చునే చోటు అరిగి వదులైనా లెక్క వేరే. అలాంటప్పుడు కొత్తదే చవక పడవచ్చు. అది దాచకుండా చెప్పే మనిషి దగ్గరకే జనం మళ్లీ వెళ్తారు.

దీన్ని పాతకాలపు పని అనుకోకండి. మన ఆర్టీసీ తన బస్సుల ఇంజిన్లను, గేర్ బాక్సులను సొంత వర్క్‌షాపుల్లో విప్పి కొత్తవాటిలా చేసి మళ్లీ రోడ్డెక్కిస్తుంది. విజయవాడలో విద్యాధరపురం వర్క్‌షాపు మీకు తెలిసే ఉంటుంది. గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తోలే వాహనం సీజనులో నాలుగు రోజులు నిలిచిపోతే యజమానికి కిరాయి పోయినట్టే. అతనికి కావలసింది త్వరగా, నమ్మకంగా, తక్కువ ఖర్చుతో బాగుచేసే చెయ్యి.

ఎలక్ట్రిక్ కార్ల భయం సంగతీ మాట్లాడుకుందాం, అది వట్టి భయం కాదు. వాటిలో క్లచ్ ఉండదు, ఎక్కువవాటికి ఒకటే గేరు నిష్పత్తి. కొత్త కార్లలో ఆటోమేటిక్‌లూ పెరుగుతున్నాయి. కానీ ఇవాళ కొన్న మాన్యువల్ కారుకు రిజిస్ట్రేషనే 15 ఏళ్లు, ఆపైన పరీక్షలో నెగ్గితే ఐదేళ్లకోసారి పొడిగింపు. అంటే మీ అబ్బాయికి ముప్పై ఏళ్లు దాటేదాకా ఆ కార్లు మన బెంజ్ సర్కిల్‌లోనే తిరుగుతుంటాయి. 2014లో మారుతి సెలెరియోతో మన దేశంలో కార్లలోకి వచ్చిన ఏఎంటీ (గేర్లు తనంతట తానే మార్చుకునే రకం) కూడా లోపల మాన్యువల్ గేర్ బాక్సే. మనిషి కాలూ చెయ్యీ చేసే పనిని యంత్రం చేస్తుంది, అంతే. ఎలక్ట్రిక్ బండిలో మోటారు వేగాన్ని తగ్గించే పెట్టెలోనూ గేర్లు, షాఫ్టులు, బేరింగులు, సీళ్లే ఉంటాయి. మిల్లీమీటరులో వందో వంతు దాకా కొలిచి షిమ్ (సందు సరిచేసే పలచటి రేకు) వేసే చెయ్యి దేనికైనా అలవాటు పడుతుంది. ఒక్క షరతు ఉంది. వాడు కరెంటు, సెన్సార్ల పాఠాలు కూడా వదలకుండా నేర్చుకోవాలి. అది వద్దు, గేర్లే చాలంటే పదేళ్ల తర్వాత ఇబ్బంది పడతాడు.

చదువు సంగతి. పదో తరగతి తర్వాత ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ అనే రెండేళ్ల ట్రేడ్ ఉంది. పాలీసెట్ రాసి ఆటోమొబైల్ లేదా మెకానికల్ డిప్లొమాలో చేరితే మూడేళ్లు, తర్వాత ఈసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా బీటెక్ రెండో సంవత్సరంలోకి వెళ్లవచ్చు. లెక్కల్లో 81 వచ్చిన పిల్లవాడికి డిప్లొమా కష్టం కాదు. అయినా నన్నడిగితే మీ అబ్బాయికి ఐటీఐ అంటాను. చేతి పని కోసం తహతహలాడుతున్నవాడు మూడేళ్లు ఎక్కువగా తరగతి గదిలోనే కూర్చుంటే ఆ ఉత్సాహం చల్లారిపోతుంది. అలా చల్లారిన పిల్లలను చూశాను. ఐటీఐ తర్వాత డిప్లొమాలో చేరే దారి కూడా ఉంది కాబట్టి తలుపు మూసుకుపోదు. ప్రభుత్వ ఐటీఐకే మొదట ప్రయత్నించండి. ప్రైవేటులో చేర్చవలసి వస్తే వర్క్‌షాపులోకి వెళ్లి, పిల్లలు విప్పుతున్న గేర్ బాక్స్ చూపించమని అడగండి. అద్దాల బీరువాలో ఉన్నదాన్ని చూపిస్తే తిరిగి వచ్చేయండి.

రెండేళ్లయ్యాక 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండుతో శిక్షణ ఉంటుంది. ఆర్టీసీ ఐటీఐ పిల్లలను అప్రెంటిస్‌లుగా తీసుకుంటుంది. కార్ల కంపెనీల సర్వీసు కేంద్రాలూ తీసుకుంటాయి. ఆ తర్వాత ఎవరైనా మంచి మేస్త్రీ దగ్గర రెండు మూడేళ్లు పనిచేయాలి. ఆ కాలంలో జీతం తక్కువే. వాడి తోటివాళ్లు బీటెక్ చదువుతుంటే మీకూ వాడికీ మనసు కలుక్కుమనే రోజులుంటాయి, సిద్ధంగా ఉండండి. సొంత షెడ్డు ఆలోచన వస్తే ముద్ర రుణం కిశోర్ విభాగంలో 5 లక్షల దాకా అడగవచ్చు. హైడ్రాలిక్ ప్రెస్సు, పుల్లర్లు, డయల్ గేజ్, టార్క్ రెంచి కొనుక్కోవడానికి అది అక్కరకొస్తుంది.

ఇంగ్లీషు మాత్రం నిర్లక్ష్యం చేయనివ్వకండి. రిపేరు వివరాలిచ్చే కంపెనీ పుస్తకాలు (మాన్యువల్స్) ఎక్కువగా అందులోనే ఉంటాయి. ఏ బోల్టుకు ఎంత టార్కు (బిగింపు బలం), ఏ గేర్ బాక్సుకు ఏ ఆయిల్ అన్నది చదివి తెలుసుకోవలసిందే. చిక్కటి ఆయిల్ పోస్తే శబ్దం తగ్గుతుందని జీఎల్-4 రకం గేర్ ఆయిల్ పోయవలసిన చోట జీఎల్-5 రకం పోసేవాళ్లున్నారు. జీఎల్-5లోని కొన్ని రసాయనాలు ఇత్తడి రింగులను తినేయవచ్చు. డబ్బా మీద చిన్న అక్షరాలు చదవనందుకు కొత్త రింగులు పోతాయి.

మేనమామ షెడ్డుకు సెలవు రోజుల్లో వెళ్లనివ్వండి. కానీ వాడి వయసు గుర్తుంచుకుని మూడు విషయాలు ఆయనతో గట్టిగా మాట్లాడండి. జాకీ ఒక్కదాని మీద నిలిపిన కారు కిందకు వాణ్ణి వెళ్లనివ్వకూడదు, స్టాండ్లు పెట్టాలి. బరువైన గేర్ బాక్సును ఒంటరిగా దింపనివ్వకూడదు. పెట్రోలుతో చేతులు, విడిభాగాలు కడిగే అలవాటు అంటనివ్వకూడదు.

ఇక వాళ్లమ్మగారి దిగులు. ఆమెను తప్పు పట్టను. మన ఊళ్లో పదో తరగతి అయ్యిందంటే ఎదుటివారి మొదటి ప్రశ్న "ఏ కాలేజీలో వేశారు?" అనే కదా. ఐటీఐ అని చెబితే ఎదుటివారి ముఖం మారుతుందని ఆమె భయం. ఆ మాటకు నా దగ్గర తయారు సమాధానం లేదు. ఒక ఆదివారం మీరిద్దరూ ఆ షెడ్డుకు వెళ్లండి. మీరు వస్తున్నట్టు వాడికి ముందుగా చెప్పకండి. ఏదైనా గేర్ బాక్స్ విప్పి ఉన్న రోజయితే ఇంకా మంచిది. బల్ల మీద పరిచిన ముక్కల్లో ఒకటి చూపించి, "ఇదేమిట్రా?" అని వాణ్ణి అడగమని వాళ్లమ్మకు చెప్పండి.