బాధొస్తే ఆడవాళ్లు తిండి మానేస్తారు, మగాళ్లు ఎక్కువ తింటారు అంటారు. నిజమేనా?

మా ఇంట్లో అచ్చంగా అలాగే జరిగింది. అయినా ఈ మాట అబద్ధమనే అంటాను.

2015లో ఎంసెట్ మెడిసిన్ రెండోసారి రాశాను. సీటొచ్చే ర్యాంకు రాలేదు. అదే వేసవిలో అక్కకి కుదిరిన సంబంధం తప్పిపోయింది. తెనాలిలో రెండు గదుల అద్దె ఇల్లు మాది. అక్క అన్నం ముట్టడం మానేసింది. దానికి ఇంట్లోవాళ్లు 'అలక' అని పేరు పెట్టారు. పిన్ని వచ్చి బతిమాలింది, నాన్న పూతరేకులు తెచ్చారు. నేను మాత్రం పగలంతా మామూలుగా తిని, అందరూ పడుకున్నాక మళ్లీ వంటింట్లోకి వెళ్లేవాణ్ణి.

ఓ రాత్రి రెండున్నరకి, లైటు వెయ్యకుండా నిలబడి, అమ్మ పొద్దున చద్దికని ఉంచిన అన్నంలో ఆవకాయ కలిపి గిన్నెతోనే తింటున్నాను. రుచి తెలియడం లేదు. పెదాలు మండిపోతున్నా చెయ్యి ఆగదు. గిన్నె అడుగు గీకిన చప్పుడుకి అక్క లేచొచ్చి లైటు వేసింది.

"ఎన్నాళ్ల నించిరా?"

"ఆకలేసిందే."

ఇంకేమీ అడగలేదు. గిన్నె తనే కడిగి బోర్లించింది. పొద్దున అమ్మ అన్నం ఏదని వెతుక్కుంటే, పిల్లి మూతి పెట్టింది, పారబోశానంది.

అక్క తినకపోతే వీధంతా చూసింది. నేను అంత తింటే "మగపిల్లాడు, ఎదిగే వయసు" అని ఇంకో గరిటె వేశారు. మన ఇళ్లల్లో ఆడపిల్ల కోపం చూపించాలంటే కంచం ముందు నించి లేచిపోవాలి. మగపిల్లాడు సిగ్గుపడకుండా చెప్పుకోగలిగింది ఆకలి ఒక్కటే. తేడా అంతా అక్కడే ఉంది, పొట్టలో ఏమీ లేదు.

అన్నట్టు, పెళ్లిళ్లలో "ఒళ్లు చేశావే", "చిక్కిపోయావే" అంటూ పలకరించేవాళ్లని అసలు ఏం చెయ్యాలి? ఒక మావయ్య ఇప్పటికీ నన్ను చూడగానే పొట్ట మీద తడతాడు. ఆయన షుగరెంతో నేనెప్పుడైనా నలుగురిలో అడిగానా?

ఏడేళ్ల తర్వాత హైదరాబాద్‌లో ఒక సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాను. అప్పటికి ఉద్యోగం టెన్షన్, పక్కన అర్ధరాత్రి కూడా బిర్యానీ తెచ్చిచ్చే యాప్‌లు. "తినే ముందు ఏమనిపిస్తుంది?" అన్నారావిడ. ఆకలి అన్నాను. "గంట క్రితమే భోంచేశానన్నారుగా?" నా దగ్గర మాట లేదు.

అదుపు తప్పి తినడం వారానికోసారైనా చొప్పున మూడు నెలలు సాగితే దాన్ని బింజ్ ఈటింగ్ డిజార్డర్ అంటారట. అమెరికా సైకియాట్రిస్టులు మానసిక జబ్బుల్ని గుర్తించడానికి రాసుకున్న పుస్తకం డీఎస్ఎం-5లో దానికి విడి జబ్బుగా చోటు దొరికింది 2013లోనే. తిండి మానేసే అనొరెక్సియా లక్షణాల్లోంచి 'నెలసరి ఆగిపోవడం' తీసేసిందీ అప్పుడే. అంటే అంతవరకూ ఆ లెక్క రాసుకున్నది ఆడవాళ్లని దృష్టిలో పెట్టుకునే! 1689లోనే రిచర్డ్ మోర్టన్ అనే లండన్ వైద్యుడు అలా తిండి మానేసి చిక్కిపోయిన ఇద్దరి గురించి రాశాడు. ఒకరు ఆడపిల్ల, ఒకరు మగపిల్లాడు.

నాకిప్పుడు చాలావరకు నయం. మందులకన్నా, తినే ముందు ఏం జరిగిందో డైరీలో రాయడమే ఎక్కువ పనిచేసింది. మొదటి నెలంతా 'చిరాకు' అనే ఒక్క మాటే ఉంది అందులో.

అక్క అప్పుడప్పుడూ ఫోన్‌లో "ఇవాళ తినబుద్ధి కాలేదురా" అంటుంది. బావకి మాత్రం శనివారం ఉపవాసమని చెబుతుందట.