పడవలోకి నీళ్లు వెనక్కి ఎక్కుతున్నాయా?

చిన్నోడా,

నువ్వు పంపిన వీడియో చూశాను. గాలి లేదు, అల లేదు, పులికాట్ సరస్సు అద్దంలా ఉంది, నీ కాళ్లు మాత్రం చీలమండల దాకా నీళ్లలో ఉన్నాయి. చిల్లు పడిందేమో మామా అని టెన్షన్ పడుతున్నావు. చిల్లు కాదురా, నీళ్లు బయటికి పోవడానికి పడవ వెనక పెట్టిన కన్నంలోంచే లోపలికి వస్తున్నాయి.

భీములవారిపాళెం రేవులో నా పాత ఫైబర్ బోటు దింపిన ఏడాది నేనూ ఇలాగే మోసపోయి అడుగున రెండుసార్లు పూత వేయించాను, డబ్బు దండగ. తర్వాత ఒకరోజు ఊరికే ఇంజన్ పక్కన కూర్చుంటే కన్నం నీట మునిగింది, లేచి ముందుకు నడిస్తే లోపలి నీళ్లన్నీ గుటగుటమంటూ అవే బయటికి పోయాయి. రోగం అప్పుడు తెలిసింది: బరువంతా వెనకే ఉంది.

అందుకే ఆ కన్నంలోంచి నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వు కొనే ముందు డీజిలో పెట్రోలో ఆ క్యాను, ఐస్ పెట్టె, వలలు, మనుషులు అంతా ఎక్కాక బయటినుంచి చూడు. కన్నం నీటికి నాలుగు వేళ్లయినా పైన ఉండాలి. లేకపోతే ఐస్ పెట్టె, క్యాను మధ్యకు జరుపు. అప్పటికీ మునుగుతుంటే, అంటే పడవ నేలే నీటి మట్టం కంటే కింద ఉంటే, ఏ వాల్వూ నిన్ను కాపాడదు, ఆ కన్నం మూసేసి పంపు పెట్టుకోవడమే.

వాల్వు అంటే పెద్ద విద్యేమీ కాదు, మన చిత్తూరు బావుల్లో మోటారు పైపు చివర ఉండే ఫుట్‌వాల్వు లాంటిదే, ఒకవైపే దారి ఇస్తుంది. కన్నానికి బయటివైపు రబ్బరు రేకు బిగిస్తారు, లోపలి నీళ్లు తోస్తే తెరుచుకుంటుంది, బయటి అల కొడితే మూసుకుంటుంది. బంతి ఉండే రకం కూడా దొరుకుతుంది గానీ మన సరస్సులో నాచు, గవ్వలు ఎక్కువ, బంతి ఇరుక్కుంటుంది, నా మాట విని రేకే పెట్టు. దానికైనా వల పోగు ఒక్కటి అడ్డం పడితే చాలు, ఫుట్‌వాల్వులో ఇసుక పడ్డట్టే, పని చేయదు. రోజూ ఒడ్డుకు రాగానే వేలితో అంచు తడుము. ఎండకు రబ్బరు బిగుసుకుపోయి వంగడం మానేస్తే మార్చెయ్. స్క్రూ కన్నాల్లో సీలెంటు, అంటే నీళ్లు దూరకుండా ఆపే జిగురు, నింపకుండా బిగించకు, లోపల ప్లైవుడ్ ఉంటే కుళ్లిపోతుంది.

ఇంకోటి, వేగంగా వస్తూ ఇంజన్ ఒక్కసారిగా తగ్గించకు. నీ వెనకొచ్చే అల నీ పడవే ఎక్కుతుంది, రేకు సగం తెరుచుకుని ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

అలాగని కన్నాలకు బిరడాలు కొట్టేసి ఇంటికి పోవద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల సంగతి తెలుసుగా. నాలుగు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు నేల మీద అయిదు సెంటీమీటర్లు నిలిస్తే 300 లీటర్లు, అంటే 300 కిలోలు, అదీ పడవ ఎటు ఒరిగితే అటే పరుగెత్తే బరువు.

సీలెంటు, స్టీలు స్క్రూలు తిరుపతిలోనే కొని ఆదివారం తెస్తాను, రేకు కొలత ఫోన్లో పెట్టు. అందాకా ఇరకం దీవి వైపు పోకుండా ఒడ్డునే వల వేసుకో.

మామ