రేంజర్స్ గార్సియాని వదులుకోవడం సరైనదేనా? కుమార్ రాకర్ మీద ఆశ పెట్టుకోవచ్చా?

మీరు అడిగింది ఇదీ: 2023లో వరల్డ్ సిరీస్ (అమెరికా బేస్‌బాల్ మేజర్ లీగ్ ఫైనల్) గెలిచిన టెక్సస్ రేంజర్స్ ఆ తర్వాత రెండేళ్లూ ప్లేఆఫ్స్ ముఖం ఎందుకు చూడలేదు, గార్సియా, సెమియన్ లాంటి వాళ్లను ఈ చలికాలం ఎందుకు పంపేశారు, పిచర్ (బంతి వేసేవాడు) కుమార్ రాకర్ నిలదొక్కుకుంటాడా, డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కోకి కొత్తగా వచ్చిన వాళ్లు టికెట్లు కొనడం దండగా కాదా. ఇది 2025 డిసెంబర్‌లో రాస్తున్నాను, కాబట్టి సీజన్‌కి ముందు జరిగే స్ప్రింగ్ ట్రైనింగ్ లోపు ఇంకేమైనా మారొచ్చు.

నేను చాలా ఏళ్లుగా ఫ్రిస్కోలోనే ఉంటున్నాను. రేంజర్స్ డబుల్-ఏ (మేజర్ లీగ్‌కి రెండు మెట్లు కింద) జట్టు రఫ్‌రైడర్స్ ఆడేది మా ఊళ్లోనే. పైకి వెళ్లబోయే కుర్రాళ్లను టీవీలో కంటే ముందు ఇక్కడే చూస్తుంటాం. అలా చూసిన అనుభవంతో నా మాట సూటిగా చెప్తాను: వాళ్లను పంపేయడం సరైన పనే, కాకపోతే ఒక ఏడాది ఆలస్యమైంది.

2021లో ఈ జట్టు 102 ఆటలు ఓడిపోయింది. ఆ చలికాలమే యాజమాన్యం కోరీ సీగర్‌కి పదేళ్లకు 32.5 కోట్ల డాలర్లు, మార్కస్ సెమియన్‌కి ఏడేళ్లకు 17.5 కోట్ల డాలర్లు రాసిచ్చింది. తర్వాతి ఏడాది పిచర్ డిగ్రామ్ వచ్చాడు, మేనేజర్‌గా బ్రూస్ బోచీ వచ్చాడు. 2010 వరల్డ్ సిరీస్‌లో జెయింట్స్ తరఫున మమ్మల్ని ఓడించిన బోచీయే! 2023లో 90 ఆటలు గెలిచి, వైల్డ్ కార్డ్‌తో (డివిజన్ గెలవని జట్లకిచ్చే చోటు) లోపలికొచ్చి, ప్లేఆఫ్స్‌లో బయటి మైదానాల్లో ఆడిన 11 ఆటలూ గెలిచి కప్పు కొట్టారు. ఆ నెల రోజులు ఇక్కడ ఎవరికీ నిద్ర లేదు.

చిక్కంతా అక్కడే మొదలైంది. కప్పు తెచ్చిన వాళ్లను కదపడానికి మనసొప్పలేదు. అడోలిస్ గార్సియా 2023లో 39 హోమ్ రన్లు కొట్టాడు, హ్యూస్టన్‌తో సిరీస్‌లో ఒంటి చేత్తో ఆడించాడు. 2024లో బ్యాటింగ్ సగటు .224 (అంటే వెయ్యి ప్రయత్నాలకి 224 హిట్లు), 2025లో .227. హోమ్ రన్లు 25కి, తర్వాత 19కి దిగాయి. అవుట్‌సైడ్ వెళ్లే స్లైడర్ (పక్కకి తిరిగే బంతి) వేస్తే చాలు, బ్యాట్ ఊపేస్తాడని లీగ్‌లో ప్రతి పిచర్‌కీ తెలిసిపోయింది. మా ఇంట్లో అందరికీ ఇష్టమైన ఆటగాడు అతనే, మా అబ్బాయి ఇప్పటికీ ఆ జెర్సీ విప్పడు. అయినా వచ్చే ఏడాదికి కోటి డాలర్లు దాటే జీతం ఇవ్వడానికి ఈ అంకెలు సరిపోవు. ఐపీఎల్ వేలానికి ముందు ఫ్రాంచైజీలు ఆటగాళ్లను రిలీజ్ చేసినట్టే, ఇక్కడా నవంబర్‌లో ఒక గడువు ఉంటుంది. ఆ లోపు కొత్త ఒప్పందం ఇవ్వకపోతే ఆటగాడు ఫ్రీ ఏజెంట్, అంటే ఏ జట్టుకైనా వెళ్లొచ్చు. గార్సియాతో పాటు క్యాచర్ జోనా హైమ్‌ని కూడా అలాగే వదిలేశారు.

సెమియన్ సంగతి వేరు. అతన్ని న్యూయార్క్ మెట్స్‌కి ఇచ్చి బ్రాండన్ నిమ్మోని తెచ్చుకున్నారు. సెమియన్‌కి 35 ఏళ్లు, నిమ్మోకి 32. కానీ నిమ్మో ఒప్పందం 2030 దాకా ఉంది, సెమియన్‌ది 2028తోనే అయిపోతుంది. అంటే వయసు తగ్గించుకుని అప్పు పెంచుకున్నారు. అయినా నేను ఒప్పుకుంటాను, ఎందుకంటే నిమ్మో బేస్ మీదికి వెళ్తాడు. ఈ జట్టుకి లేనిది అదే.

2025 లెక్క చూడండి. రేంజర్స్ ప్రత్యర్థుల కంటే 79 పరుగులు ఎక్కువ చేశారు. అయినా 81 గెలుపులు, 81 ఓటములు. పిచింగ్ మేజర్ లీగ్‌లో సగమైన అమెరికన్ లీగ్‌లోనే అందరికంటే మెరుగు. డిగ్రామ్ 30 ఆటలు మొదలుపెట్టి ఈఆర్ఏ, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన పరుగులు, 2.97 దగ్గర ఉంచాడు. ఇయోవాల్డీ గాయపడే లోపు ఆడిన 130 ఇన్నింగ్స్‌లో అది 1.73! ఇంత చేసినా ఒక్క పరుగు తేడాతో పోయిన ఆటలు ఎన్నో. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో రన్నర్ మూడో బేస్ మీద ఉంటాడు, ఒక్క అవుట్ మాత్రమే అయి ఉంటుంది, మనవాడు స్ట్రైకవుట్. వేసవంతా ఇదే సీను. టీవీ ముందు టెన్షన్, తర్వాత తిట్లు. బోచీ కూడా సీజన్ అయ్యాక వెళ్లిపోయాడు, ఇప్పుడు మేనేజర్ స్కిప్ షూమేకర్.

కాబట్టి 2026 ఎలా ఉంటుందన్నది ముగ్గురు కుర్రాళ్ల బ్యాట్ మీద ఆధారపడి ఉంది: వ్యాట్ లాంగ్‌ఫర్డ్, ఎవన్ కార్టర్, జాష్ జంగ్. లాంగ్‌ఫర్డ్ గురించి నాకు బెంగ లేదు, 2025లో 22 హోమ్ రన్లు, 22 స్టీల్స్ (బంతి వేస్తుండగానే తర్వాతి బేస్‌కి పరిగెత్తడం) చేశాడు, ఇంకా పెరుగుతాడు. కార్టర్ 2023 సెప్టెంబర్‌లో 21 ఏళ్లకే వచ్చి ప్లేఆఫ్స్‌లో .300 కొట్టాడు. ఆ తర్వాత వెన్ను నొప్పి, మణికట్టు ఫ్రాక్చర్, పైగా ఎడమచేతి పిచర్ ఎదురైతే ఇబ్బంది. జంగ్‌ని 2025 జూలైలో ట్రిపుల్-ఏకి (మేజర్ లీగ్‌కి ఒక్క మెట్టు కింద) దింపారు కూడా. నాకైతే జంగ్ మీద నమ్మకం సన్నగిల్లింది. సీగర్ గొప్పవాడే, కానీ ఏడాదికి 120 ఆటలు ఆడితే మన అదృష్టం.

ఇక రాకర్. తల్లి వైపు భారతీయ కుటుంబం, తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. 2019లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ తరఫున డ్యూక్ యూనివర్సిటీ మీద ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 స్ట్రైకవుట్లు తీశాడు. 2021లో మెట్స్ డ్రాఫ్ట్ (జట్లు కొత్త కుర్రాళ్లను వరసగా ఎంచుకోవడం) చేసి, మెడికల్ రిపోర్టులు చూసి సంతకం చేయించుకోలేదు. మరుసటి ఏడాది రేంజర్స్ మూడో స్థానంలో తీసుకున్నారు. తర్వాత మోచేతి సర్జరీ. 2024లో కోలుకుని ఫ్రిస్కోలో వేస్తుంటే చూడటానికి వెళ్లాం. గేటు దగ్గర ఇండియన్ కుటుంబాలు మామూలు కంటే బాగా ఎక్కువగా కనిపించాయి. అతని స్లైడర్ డబుల్-ఏ బ్యాటర్లకి అసలు అర్థం కాలేదు. ఆ సెప్టెంబర్‌లో సియాటెల్‌లో మొదటి ఆట, నాలుగు ఇన్నింగ్స్‌లో ఏడు స్ట్రైకవుట్లు.

2025లో మాత్రం 14 ఆటల్లో ఈఆర్ఏ 5.74, ఆగస్టులో కిందికి పంపారు. మేజర్ లీగ్ బ్యాటర్లు స్లైడర్‌ని వదిలేసి ఫాస్ట్‌బాల్ కోసం కాచుకున్నారు. ఆ ఫాస్ట్‌బాల్ వేగంగానే వస్తుంది, కానీ తిన్నగా వస్తుంది. ఇంకో మంచి పిచ్ నేర్చుకోకపోతే ఆట మొదలుపెట్టే స్టార్టర్‌గా కష్టం. చివరి ఇన్నింగ్స్‌లో ఒక్క ఇన్నింగ్స్ వేసే రిలీవర్‌గా అయితే ఆ స్లైడర్‌తోనే పదేళ్లు బతికేయొచ్చు.

అలాగని ఇప్పుడే కొట్టిపారేయను. అతని కాలేజీ సహచరుడు జాక్ లైటర్‌ని 2022లో ఇదే ఫ్రిస్కోలో చూశాం. రెండో స్థానంలో డ్రాఫ్ట్ అయినవాడు, వరసగా వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకి బ్యాటర్‌కి ఉచితంగా బేస్) ఇస్తూ పోయేవాడు. ఆ ఏడాది ఈఆర్ఏ 5.54. 2024లో పైకి వెళ్తే ఇంకా ఘోరం, 8.83. జనం పేరెత్తితేనే నవ్వేవారు. 2025లో 3.86తో రొటేషన్‌లో (వంతులవారీగా వేసే స్టార్టర్ల వరస) స్థిరపడ్డాడు. స్టార్టర్లు మాలీ, కెల్లీల ఒప్పందాలు ముగిశాయి, డిగ్రామ్‌కి జూన్‌లో 38 నిండుతాయి, కాబట్టి రాకర్‌కి ఇంకో అవకాశం రావడం ఖాయమనుకుంటున్నాను.

నా అంచనా 84, 85 గెలుపులు. వైల్డ్ కార్డ్ కోసం సెప్టెంబర్ దాకా కొట్లాడతారు, అంతకు మించి ఆశించను.

టికెట్ల సంగతి. రేంజర్స్ ఆడే ఆర్లింగ్టన్‌కి సీజన్ ప్లాన్ మాత్రం తీసుకోకండి. ఆ ఊరికి రైలు లేదు, పార్కింగ్ ఖరీదు, వారం మధ్యలో ఆఫీసయ్యాక ఫ్రిస్కో నుంచి ట్రాఫిక్‌లో గంట పైనే. నచ్చిన ఆటకి విడిగా కొనుక్కోండి. డబ్బు రఫ్‌రైడర్స్ మైదానం రైడర్స్ ఫీల్డ్ మీద పెట్టండి. అవుట్‌ఫీల్డ్ వెనక పిల్లలు నీళ్లలో తేలుతూ ఆట చూసే లేజీ రివర్ ఉంది, మీ ఇంట్లో బేస్‌బాల్ పట్టని వాళ్లు కూడా వస్తారు. ఒక్కటే లోటు: బహామాస్ కుర్రాడు సెబాస్టియన్ వాల్కాట్ 19 ఏళ్ల వయసులో పోయిన సీజనంతా ఇక్కడే ఆడాడు. ఇక అతను ట్రిపుల్-ఏ జట్టున్న రౌండ్ రాక్ వెళ్లేలా ఉన్నాడు. అతన్ని చూడాలంటే ఆస్టిన్ వైపు మూడు గంటల డ్రైవ్‌కి సిద్ధపడాలి.