‘వద్దు’ అనేవాళ్లను సంపాదించుకో

చిరంజీవి చిన్నాకు మావయ్య ఆశీస్సులు.

బెంగళూరులో కూడబెట్టిన డబ్బు భోగాపురం వైపు భూమి మీద పెడతావని అక్క చెప్పింది. నలభై మంది బ్రోకర్ల నంబర్లున్నాయి, నెట్‌వర్క్‌కి లోటు లేదన్నావట. 2023లో ఎయిర్‌పోర్టుకు శంకుస్థాపన అయిన దగ్గర్నుంచి ఆ నలభై మందీ ఇక్కడ అందరి ఫోన్లలోనూ ఉన్నారు. కొనమనేవాళ్లకు కొదవ లేదురా. వద్దనేవాడు ఒక్కడైనా ఉన్నాడా?

ఉద్యోగం చేసే రోజుల్లో నేను డెంకాడ మండలంలో ఇరవై సెంట్లు కొన్నాను. ఈసీ, అదే స్థలం మీద అప్పులూ అమ్మకాలూ చూపించే కాయితం, తీశాను, లింకు డాక్యుమెంట్లు, అంటే పాత దస్తావేజులు, చదివించాను, అన్నీ శుభ్రంగా ఉన్నాయి. స్థలం చూసింది మాత్రం ఏప్రిల్లో. ఆగస్టులో వెళ్తే సగం మేర మోకాటి లోతు నీళ్లు. పక్క గరువులో ఆవులు మేపే ముసలాయన గట్టు మీద కూర్చుని చుట్ట వెలిగించుకుంటూ, "గెడ్డ పాత దారి కదా బావూ ఇది. కొనీముందు మాకడిగితే చెప్పీవోళ్లం" అన్నాడు. వాగు పాత దారన్న ఆ మాట ఏ కాయితంలో ఉంది చెప్పు?

అప్పట్నుంచి బ్రోకరుతో ఒకసారి చూసిన స్థలానికి నేనొక్కణ్నీ మళ్లీ వెళ్తాను. పక్క పొలం రైతుతో మాట్లాడతాను, ఊరి మొదట్లో టీ తాగుతాను. హద్దుల తగాదా, అన్నదమ్ముల వాటాలు, కల్లానికి దారి అన్నీ అక్కడే బయటపడతాయి. కొనకపోయినా ఆ రైతు నంబరు దాచుకుంటాను.

నువ్వు సంపాదించుకోవాల్సిన రెండోవాడు దస్తావేజు లేఖరి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర పాతకాలం నుంచి రాస్తున్నవాణ్ని పట్టుకో. సర్వే నంబరు చెప్తే ‘22ఎలో, అదే రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల జాబితాలో, ఉందేమో చూసుకోండి’ అనో, ‘అది డి-పట్టా, ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి, జాగ్రత్త’ అనో ముందే హెచ్చరిస్తాడు. బేరం తప్పిపోయినా చదివినందుకు డబ్బులిచ్చి రా. ఊరికే చెప్పించుకుంటే రెండోసారి నీ కాయితం తిరగెయ్యడు. సర్వేయరు, లాయరు కూడా కావాలి. అయితే అమ్మేవాడు తెచ్చిన లాయరు వద్దు.

బ్రోకర్లంతా దొంగలని నేననను. నాకు నికరంగా పనిచేసినవాళ్లు ఇద్దరున్నారు. కమీషన్ ఎంతో మొదటిరోజే తేల్చుకో. స్థలం చూపించినవాణ్ని దాటేసి రైతు దగ్గరికి నేరుగా వెళ్లకు. విజయనగరం మూడు లాంతర్ల దగ్గర నువ్వు టీ తాగేలోపు ఆ కబురు దాసన్నపేట చేరిపోతుంది, ఆపైన మంచి స్థలం ఏదీ నీ దాకా రాదు. లేఅవుట్ ప్లాటు చూపిస్తే మాత్రం ప్రాజెక్టు రెరా నంబరుతో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరుతో, పాటు ఏజెంటుది కూడా అడుగు. మొహం మాడ్చుకుంటే నీకే తెలుస్తుంది.

స్నేహితులతో కలిసి కొంటానన్నావట. ఎవరి వాటా ఎంతో రాసుకోండి. బయానా బ్యాంకులోంచే వెళ్లాలి. స్థలం బేరంలో 20,000 రూపాయలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పదు.

పైడితల్లమ్మ సిరిమాను పండక్కి ఎలాగూ వస్తావు కదా, రెండు రోజులు ముందే రా. అప్పటికి గెడ్డల్లో ఇంకా నీళ్లుంటాయి. నువ్వు చూసిన ఆ పూసపాటిరేగ స్థలం గట్టు మీద నడిచి చూద్దాం. ఆ తెల్ల బూట్లు మాత్రం వేసుకురాకు.

మీ మావయ్య