మెదడులోకి మందు పంపే అల్ట్రాసౌండ్: నాన్నగారికి చేయించవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. మెదడులో గ్లియోబ్లాస్టోమా అనే క్యాన్సర్ కణితికి ఆపరేషన్ చేశారు. రేడియేషన్, టెమోజోలమైడ్ అనే కీమో మందు కూడా అయ్యాయి. ఇప్పుడు పాత చోటి పక్కనే మళ్లీ కణితి వచ్చిందంటున్నారు. అల్ట్రాసౌండ్‌తో మందును మెదడులోకి పంపే పద్ధతి ఉందని చదివాను. దానివల్ల మెదడు కాలిపోదా? ఆయనకు పనికొస్తుందా?

జవాబు: కాలదండి. వణుకు జబ్బుకు చేసే ఫోకస్డ్ అల్ట్రాసౌండ్‌లో ఒక చిన్న బిందువును కావాలనే వేడిచేసి మాడుస్తారు. మందు పంపడానికి చేసేది వేరు. ఇక్కడ తరంగాలను తక్కువ శక్తితో, మిల్లీసెకన్ల విడతల్లో వదులుతారు కాబట్టి వేడి దాదాపు పుట్టదు. రిస్కు ఉన్నదల్లా రక్తంలోకి ఎక్కించే సన్నటి బుడగలతోనే.

మెదడు రక్తనాళాల లోపలి కణాలు సందు లేకుండా అతుక్కుని ఉంటాయి. వాటిని దాటిన మందును కూడా తిరిగి రక్తంలోకి తోసేసే పంపులుంటాయి. దీన్నే బ్లడ్-బ్రెయిన్ బ్యారియర్ అంటాం. కణితి నడిమధ్యన ఈ గోడ ఎలాగూ దెబ్బతిని ఉంటుంది. స్కాన్‌ కోసం నరంలోకి ఎక్కించే కాంట్రాస్ట్ మందు పట్టి తెల్లగా కనిపించేది ఆ భాగమే, సర్జన్ తీసేసేదీ దాన్నే. పక్కనున్న మెదడులోకి చొచ్చుకుపోయిన కణాలు మాత్రం చెక్కుచెదరని గోడ వెనక మిగిలిపోతాయి. మీ నాన్నగారికి పాత చోటి పక్కనే తిరగబెట్టడానికి చాలావరకు కారణం ఇవే. అందుకే ఈ పద్ధతిలో కణితి చుట్టూ ఉన్న అంచులోని గోడను కూడా తప్పకుండా తెరవాలి.

చేతి నరం ద్వారా మైక్రోబబుల్స్ ఎక్కిస్తారు. ఇవి కొవ్వు పొరలో వాయువు నింపిన, ఎర్ర రక్తకణమంత బుడగలు. గుండె ఎకోలో చాలా ఏళ్లుగా వాడుతున్నవే. తరంగాలు కలిసే చోటికి రాగానే ఇవి ఉబ్బుతూ కుంచించుకుంటూ నాళం గోడను లోపలి నుంచి నెట్టి, కణాల బిగింపును సడలిస్తాయి. తరంగాల ఒత్తిడి చాలకపోతే దారి తెరుచుకోదు. ఎక్కువైతే బుడగ ఒక్కసారిగా కూలి, ఆ దెబ్బకు సన్న నాళం చిట్లుతుంది. పైగా పుర్రె మందం అందరికీ ఒకేలా ఉండదు. అందుకే ముందుగా సీటీ తీసి, దాన్నిబట్టి తలకు తొడిగే హెల్మెట్‌లోని, తరంగాలు వదిలే 1024 ట్రాన్స్‌డ్యూసర్లలో ఒక్కోదాన్నీ సరిచేస్తారు. చికిత్స సాగినంతసేపూ సెన్సార్లు బుడగల శబ్దాన్ని వింటాయి. కూలే బుడగ శబ్దం నిలకడగా కంపించే బుడగ శబ్దంలా ఉండదు. అది వినబడగానే శక్తి తగ్గించాలి. నా దృష్టిలో భద్రతకు ఆయువుపట్టు ఇదే. ఫోకస్ చేయని 300 కిలోహెర్ట్జ్ తరంగాలను, రక్తపు గడ్డను కరిగించే మందుతో కలిపి పక్షవాతం రోగులపై ప్రయోగిస్తే మెదడులో రక్తస్రావాలు పెరిగి ఆ ట్రయల్‌నే ఆపేశారు. ఆ ఫలితాలు 2005లో వచ్చాయి. ఎంత శక్తి, ఎక్కడ అన్నది అదుపులో లేకపోతే ఏమవుతుందో అందులో చూశాం.

దీన్ని రెండు పద్ధతుల్లో చేస్తారు. మొదటిదైన హెల్మెట్ పద్ధతిలో తల గొరిగి, ఫ్రేము బిగించి, చల్లటి నీటి పొర మధ్య ఎంఆర్ఐలోనే చేస్తారు. రోగి మెలకువగానే ఉంటారు. ఈ హెల్మెట్ పద్ధతిని కణితి రోగికి మొదట చేసింది 2015లో, టొరంటోలోని సన్నీబ్రూక్ ఆసుపత్రిలో. రెండో పద్ధతిలో ఆపరేషన్ సమయంలోనే పుర్రె ఎముక తీసిన చోట తరంగాలు వదిలే చిన్న ఇంప్లాంట్ అమర్చి, తర్వాత కీమో ఇచ్చిన ప్రతిసారీ కొన్ని నిమిషాలు ఆన్ చేస్తారు. 2023లో వెలువడిన ట్రయల్‌లో 17 మందికి ఇలా ప్యాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఇచ్చారు. తెరిచిన భాగంలో మందు సుమారు నాలుగు రెట్లు చేరింది. కానీ తెరిచిన దారి చాలావరకు గంటలోపే మూసుకుపోయింది. అంటే మందు వెంటనే ఎక్కించాలి, ఆలస్యమైతే చేసిన శ్రమ వృథా.

అందువల్ల మీరు డాక్టరుగారిని మొదట అడగాల్సింది మందు గురించి. టెమోజోలమైడ్ కొంతవరకు తనంతట తానే మెదడులోకి వెళుతుంది. కణితి దానికి లొంగకపోతే గోడ తెరిచి అదే మందు ఇంకా పంపినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. మెదడులోకి సరిగా దూరలేని కార్బోప్లాటిన్, ప్యాక్లిటాక్సెల్ లాంటివాటికే ఈ పద్ధతి అర్థవంతం. ఇది ఇంకా ట్రయల్స్‌లోనే దొరుకుతుంది. ఆయుష్షు పెంచుతుందని ఇంకా రుజువు కాలేదు. రెండో ఆపరేషన్ ఆలోచన ఉంటే మాత్రం, ఇంప్లాంట్ ట్రయల్ గురించి ఆపరేషన్‌కు ముందే వాకబు చేయండి. ఎముక మూసేశాక ఆ అవకాశం పోతుంది.

నాన్నగారు రక్తం పలచబడే మందులు వాడుతున్నా, ఎంఆర్ఐకి పనికిరాని పేస్‌మేకర్ ఉన్నా, గుండె, ఊపిరితిత్తుల జబ్బు తీవ్రంగా ఉన్నా, కిడ్నీలు బలహీనంగా ఉన్నా ముందే చెప్పండి. కొన్ని మందుల్లో కలిపే పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పదార్థంతో అలర్జీ ఉంటే కొన్ని రకాల మైక్రోబబుల్స్ ఇవ్వకూడదు. చికిత్స అయ్యాక కాంట్రాస్ట్ స్కాన్‌తో దారి తెరుచుకుందో లేదో చూస్తారు, సూక్ష్మ రక్తస్రావాల కోసం విడిగా స్కాన్ తీస్తారు. ఒకటి రెండు రోజులు తేలికపాటి తలనొప్పి ఉండొచ్చు. మాట తడబడినా, చేయి బలహీనపడినా, ఫిట్స్ వచ్చినా, వాంతులతో తలనొప్పి పెరుగుతున్నా మర్నాటిదాకా ఆగకుండా వెంటనే తీసుకెళ్లండి.