సముద్రపు సుడుల మీద పరిశోధన: ఇంజినీరింగ్ చదివే అమ్మాయికి తగిన దారేనా?

ప్రశ్న: మా అమ్మాయి కాకినాడలో మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. సముద్రంలోనూ వాతావరణంలోనూ జరిగే టర్బులెన్స్ మీద పరిశోధన చేస్తానని, క్యాంపస్ ప్లేస్‌మెంట్లకు హాజరు కానని పట్టుబడుతోంది. ఇందులో భవిష్యత్తు ఉందా? వద్దని చెప్పమంటారా?

సమాధానం: వద్దని చెప్పకండి. అయితే ఈ దారి ఎంత దూరమో మీకూ ఆమెకూ ముందే తెలిసి ఉండాలి కనుక కొంత వివరంగా రాస్తున్నాను.

కొళాయిని కొద్దిగా తిప్పితే నీరు సన్నని గాజుకడ్డీలా నునుపుగా జారుతుంది; పూర్తిగా తిప్పితే చెదిరి, సుడులు తిరుగుతూ పడుతుంది. ఆ రెండో స్థితినే టర్బులెన్స్ అంటారు. 1883లో బ్రిటన్‌లో పనిచేసిన ఇంజినీరు ఆస్బర్న్ రేనాల్డ్స్ గాజు గొట్టంలో రంగునీటి ధారను పంపి ఈ మార్పును కళ్లకు కట్టించారు. 1941లో రష్యన్ గణితవేత్త కొల్మగోరవ్ పెద్ద సుడుల శక్తి అంతకంతకూ చిన్న సుడులకు ఎలా చేరుతుందో వివరించే సిద్ధాంతాన్ని ఇచ్చారు. అయినా ఈ శాస్త్రంలో తేలని ప్రశ్నలు చాలా మిగిలే ఉన్నాయి.

ఆ ప్రశ్నల్లో కొన్ని మీ ఊరి తీరానికి ఎదురుగానే ఉన్నాయి. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ నదులు తెచ్చే మంచినీరు ఉప్పునీటి కన్నా తేలిక కాబట్టి బంగాళాఖాతం మీద పలుచని పొరలా పరచుకుంటుంది. ఆ పొరను కలియబెట్టి అడుగున ఉన్న చల్లని నీటిని పైకి తేవడం గాలికి కష్టమవుతుంది; అందువల్ల పైనీరు వెచ్చగానే ఉండిపోయి తుపానులు బలపడటానికి తోడ్పడుతుంది. ఈ కలయిక అంతా సుడుల పనే. సముద్రంలో వందల కిలోమీటర్ల వెడల్పున్న సుడులు ఉంటాయి, మిల్లీమీటర్లలో కొలిచేవీ ఉంటాయి. కంప్యూటర్ నమూనాలు సముద్రాన్ని కిలోమీటర్ల గళ్లుగా విడగొట్టి లెక్క కడతాయి కనుక, గడి కన్నా చిన్నవైన సుడుల ప్రభావాన్ని సూత్రాల ద్వారా అంచనా వేయాల్సి వస్తుంది. పరిశోధకులు ఓడ మీద నుంచి సున్నితమైన పరికరాలను దించి నీటి వేగంలోని అతి చిన్న మార్పులను కొలిచేది, సమీకరణాలతో నెలల తరబడి కుస్తీ పట్టేది ఆ సూత్రాలను మెరుగుపరచడానికే. వాతావరణం విషయంలో తిరుపతి దగ్గరి గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలతో పనిచేసే రాడార్ ఉంది. పైన గాలిలోని టర్బులెన్స్ నుంచి తిరిగి వచ్చే తరంగాలను అది పట్టుకుంటుంది.

మెకానికల్ చదివిన అమ్మాయికి ఇక్కడ చోటుంటుందా అన్న సందేహం అక్కర్లేదు. టర్బులెన్స్ పరిశోధనలో దేశానికి పేరు తెచ్చిన రొద్దం నరసింహ మెకానికల్ ఇంజినీరింగ్ చదివి వచ్చినవారే. మేఘాల్లోని ప్రవాహాల మీద పనిచేసే రమా గోవిందరాజన్ మొదట చదివింది కెమికల్ ఇంజినీరింగ్. ఇంజినీర్లకు గణితంలోనూ ప్రవాహ శాస్త్రంలోనూ పునాది ఉండటం ఇక్కడ పెద్ద బలమని నా అభిప్రాయం.

పరిశోధనలో ప్రవేశానికి ఇంజినీరింగ్ పై చదువుల జాతీయ పరీక్ష గేట్ ముఖ్యం. మెకానికల్ పేపరు రాయవచ్చు, లేదా ఫ్లూయిడ్ మెకానిక్స్, వాతావరణ సముద్ర శాస్త్రాల విభాగాలున్న ఇంజినీరింగ్ సైన్సెస్ పేపరును ఎంచుకోవచ్చు. బెంగళూరు ఐఐఎస్సీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్), ఢిల్లీ, ఖరగ్‌పూర్, భువనేశ్వర్ ఐఐటీల్లో ఈ శాస్త్రాలకు ప్రత్యేక విభాగాలున్నాయి. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం ఈ చదువుకు దేశంలోని పాత కేంద్రాల్లో ఒకటి.

ఇక డబ్బు సంగతి దాచకుండా చెప్పాలి. పీహెచ్‌డీకి సాధారణంగా ఐదారేళ్లు పడుతుంది. 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న రేట్ల ప్రకారం పీహెచ్‌డీ చేసేవారికి ఇచ్చే భృతి మొదట జూనియర్ ఫెలోషిప్‌గా నెలకు 37,000 రూపాయలు, తర్వాత సీనియర్ ఫెలోషిప్‌గా 42,000. ఇంటద్దె భత్యం అదనం. ఆ తర్వాత పోస్ట్‌డాక్టరల్ పని, అంటే పీహెచ్‌డీ అయ్యాక చేసే తాత్కాలిక పరిశోధన, రెండు మూడేళ్లు ఉండవచ్చు. అంటే స్థిరమైన ఉద్యోగం ముప్ఫై దాటాకే రావచ్చు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార సేవల కేంద్రం), పుణేలోని ఐఐటీఎం (ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ), భారత వాతావరణ శాఖ, గోవా ప్రధాన కేంద్రంగా ఉన్న ఎన్ఐఓ (జాతీయ సముద్ర శాస్త్ర సంస్థ) వంటి చోట్ల అవకాశాలుంటాయి కానీ పోస్టులు పరిమితం, పోటీ ఎక్కువ. మధ్యలో మనసు మారితే కంప్యూటర్‌తో లెక్కలు కట్టడంలో నేర్చుకున్న నేర్పు వృథా పోదు. విమాన, వాహన, పవన విద్యుత్ రంగాల్లో ప్రవాహాలను లెక్కగట్టేవారి అవసరం ఉంది.

ప్లేస్‌మెంట్ల విషయంలో మాత్రం నేను మీ అమ్మాయితో ఏకీభవించను. వాటికి హాజరైనంత మాత్రాన పరిశోధన దారి మూసుకుపోదు. గేట్ ఫలితం అనుకున్నట్టు రాకపోతే ఏడాది పని చేస్తూ మళ్లీ రాయవచ్చు.

ఏ నిర్ణయం తీసుకునే ముందైనా ఆమెకు ఒక పని అప్పగించండి. సముద్రంలో తేలుతూ సుమారు పది రోజులకోసారి రెండు వేల మీటర్ల లోతు నుంచి ఉష్ణోగ్రత, లవణీయత కొలిచి పంపే ఆర్గో పరికరాల సమాచారం ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది కదా, దానికి ముందూ తర్వాతా బంగాళాఖాతంలో నీటి ఉష్ణోగ్రత ఎలా మారిందో ఆ సమాచారం నుంచి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో గ్రాఫ్ గీసి, కారణం మీకు అర్థమయ్యేలా తెలుగులో వివరించమనండి. నెల రోజులు పట్టినా సరే. ఆ గ్రాఫ్‌నే జతచేసి వేసవి ఇంటర్న్‌షిప్ కోసం నలుగురైదుగురు ఆచార్యులకు రాయమనండి. డిసెంబరు, జనవరి నెలల్లోనే రాయడం మంచిది.