నీరసం టానిక్ గుణం ఇవ్వలేదు, మూత తీసిన సీసాకు డబ్బు వస్తుందా?

సందేహం: మా అత్తగారికి 58 ఏళ్లు. ఎప్పుడూ నీరసం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ‘నరాల బలహీనత 15 రోజుల్లో మాయం’ అన్న ప్రకటన ఫోన్‌లో చూసి, ఆన్‌లైన్‌లో మూడు టానిక్ సీసాలు రూ.2,700కు తెప్పించాం. బిల్లు మావారి పేరున ఉంది. రెండు సీసాలు తాగినా గుణం లేదు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8 వచ్చింది. డబ్బు అడిగితే ‘మూత తీసిన సరుకు వాపసు తీసుకోం’ అంటున్నారు. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. అంతకన్నా ముందు ఆ టానిక్ ఆపించి, రక్తం ఎందుకు తగ్గిందో డాక్టరుతో తేల్చుకోండి. ఆ చీటీలు, రిపోర్టులు కేసులోనూ అక్కరకొస్తాయి.

మూత తీయకుండా టానిక్ ఎవరూ తాగలేరు కాబట్టి, ప్రకటన అబద్ధమని తేలితే వాళ్ల సాకు నిలవడం కష్టం. మీరు పట్టుకోవాల్సింది ఆ ప్రకటననే. ‘నరాల బలహీనత’ అన్న మాట మీకు పెద్ద బలం. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం షెడ్యూల్‌లో, అంటే దాని చివరనున్న జబ్బుల జాబితాలో, ఆ జబ్బు పేరుంది. దాన్ని నయం చేస్తామని ప్రకటించడమే నేరం. సీసా లేబులు, అట్టపెట్టె మీది రాతలు కూడా ఆ చట్టంలో ప్రకటన కిందికే వస్తాయి. ‘నీరసం తగ్గుతుంది’ అని మాత్రమే రాసి ఉంటే ఈ పట్టు దొరికేది కాదు. అందుకే అట్టపెట్టె పారేయకండి.

సీసా వెనక్కి తిప్పి చూడండి. ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు ఉంటే దాన్ని ఆహారంగా అమ్ముతున్నట్టు. అలాంటప్పుడు జబ్బు నయం చేస్తుందని చెప్పుకోవడం ఇంకో తప్పు. ఆహార భద్రత చట్టం 53వ సెక్షన్ కింద రూ.10 లక్షల దాకా జరిమానా పడొచ్చు. ఆ డబ్బు మీకు రాదు. మీకు రావాల్సింది వినియోగదారుల కమిషన్‌లో అడగాలి.

ప్రకటన ఇంకా ఫోన్‌లో కనిపిస్తుంటే ఈరోజే స్క్రీన్ రికార్డు చేయండి. అమ్మకందారు పేరు, ధర అందులో కనబడాలి. ఆ ఫోన్ మార్చకండి, ఆ రికార్డు ఆ ఫోన్‌లో తీసిందేనని చెప్పే సర్టిఫికెట్‌ను భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద జతచేయాల్సి ఉంటుంది. మూడో సీసా సీలు తీయకండి. తెరిచిన సీసా చూపిస్తే ‘మీరే ఏదో కలిపారు’ అంటారు. సీసాలో ఉన్నదేమిటన్న అనుమానం ఉంటేనే ల్యాబు పరీక్ష కోరండి. దాని రుసుము మీరే కట్టాలి, కేసూ ఆలస్యమవుతుంది.

ముందుగా అమ్మకం సైటులో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరుకు రాయండి. 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరూ తీసుకోండి. కదలిక లేకపోతే మీరుండే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. అమ్మినవాడి ఊరు వెళ్లక్కర్లేదు. సరుకు విలువ రూ.5 లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు లేదు, వకీలు లేకున్నా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు. బిల్లు మీవారి పేరున ఉన్నా ఇబ్బంది లేదు, ఆయన ఒప్పుకోలుతో వాడిన అత్తగారూ చట్టప్రకారం వినియోగదారే. ఇద్దరి పేర్లతో వేయండి.

చాలామంది పొరపడేది నష్టపరిహారం దగ్గర, ఆధారం లేకుండా పెద్ద మొత్తం అడిగేస్తారు. రూ.2,700తో పాటు పరీక్షల ఖర్చు, మనోవేదనకు సబబైన మొత్తం అడగండి. టానిక్‌ను నమ్ముకుని వైద్యం ఆలస్యమైందని డాక్టరు రాసిస్తేనే పెద్ద మొత్తానికి ఆధారం. ప్రతివాదులుగా అమ్మకందారు, సైటుతో పాటు లేబులు మీదున్న తయారీదారునూ చేర్చండి. ఆ చిరునామా సీసా మీద ఉన్నది ఉన్నట్టు రాయండి, తేడా వస్తే నోటీసు తిరిగొచ్చి వాయిదాలు పోతాయి.